చూసే తాళం, అమ్మే తాళం ఒకటేనా?

మన సాఫ్టువేరు వాళ్ళలో ఒక వింత ఉంది. ఆఫీసులో రిపోర్టులు తీసే కుర్రాడికి ఎవరైనా ప్రొడక్షన్ డేటాబేసు అడ్మిన్ పాస్‌వర్డు ఇచ్చారనుకోండి, అందరం నెత్తీ నోరూ కొట్టుకుంటాం. "చూడ్డానికి మాత్రమే పనికొచ్చే యూజరు పెట్టాలి గదా, ఆ మాత్రం తెలీదా?" అని మెయిలు మీద మెయిలు కొడతాం. అదే మనుషులం, ఇంటికొచ్చి మన సొంత షేర్ల ఖాతా ముందు కూర్చునేసరికి, చూడ్డానికీ అమ్మడానికీ కలిపి ఒకటే తాళంచెవి చేతిలో పెడితే కిక్కురుమనకుండా తీసుకుంటాం. తీసుకోవడమే కాదు, దాన్ని ఒక పైథాన్ ఫైల్లో పెట్టి "మనదంతా ఆటోమేటిక్ మామా" అని స్నేహితుల దగ్గర ఫోజు కొడతాం.

ఈ టపా ఆ తాళంచెవి గురించే. చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తా, తర్వాత తిట్టేవాళ్ళు తీరిగ్గా తిట్టొచ్చు :). నా ఖాతాలో ఏముందో నా ప్రోగ్రాము చూసుకునే హక్కు నాకుండాలి. ఆ హక్కుకీ, కొని అమ్మే అధికారానికీ లంకె ఉండకూడదు. ఆ వివరం బ్రోకరు నోటి నుంచి మాత్రమే కాదు, అసలు షేర్లు నమోదై ఉండే డిపాజిటరీ నుంచి కూడా నేరుగా రావాలి. ఇది అడగాల్సింది మనమే. మనం అడక్కపోతే అడిగే దిక్కు లేదు.

తెలియనివాళ్ళ కోసం రెండు ముక్కలు. మన ఆన్‌లైన్ బ్రోకర్లలో చాలామంది ఇప్పుడు ఏపీఐ ఇస్తున్నారు. జెరోధాకి కైట్ కనెక్ట్, ఏంజెల్ వన్‌కి స్మార్ట్ ఏపీఐ, అలాగే అప్‌స్టాక్స్, ధన్. ప్రతిదానికీ ఒక పైథాన్ ప్యాకేజీ ఉంది. పిప్‌తో దించుకుని, ఏపీఐ కీ, సీక్రెట్ పెట్టుకుని, బ్రౌజరులో లాగిన్ అయితే ఒక రిక్వెస్టు టోకెన్ వస్తుంది. దాన్ని ఇచ్చి యాక్సెస్ టోకెన్ తెచ్చుకోవాలి. ఇక అక్కణ్ణుంచి ఒక్క లైను రాస్తే మీ షేర్ల జాబితా వచ్చి వాల్తుంది. ఇంకో లైను రాస్తే మీ మార్జిను ఎంతుందో చెప్తుంది. మూడో లైను రాస్తే ఉన్నదంతా అమ్మేస్తుంది. సమస్యంతా ఆ మూడో లైనుతోనే. మొదటి రెండు లైన్లకీ మూడోదానికీ వాడేది అదే టోకెను.

ఈ ప్యాకేజీలు చెడ్డవని నేననడంలేదు. బాగా రాశారు. ధరలు కూడా దిగొచ్చాయి. కైట్ కనెక్ట్‌కి చాలా ఏళ్ళు నెలకి 2000 రూపాయలు కట్టాల్సి వచ్చేది, 2025లో దాన్ని 500 చేశారు. మార్కెట్ ధరలు అక్కర్లేదు, సొంత ఖాతా చాలనుకునేవాళ్ళకి ఉచితంగా ఇవ్వడం కూడా అప్పుడే మొదలుపెట్టారు. మంచిమాటే. ఒప్పుకోవాల్సింది ఒప్పుకుందాం.

కానీ ఈ ఏపీఐలన్నీ ఎవరిని దృష్టిలో పెట్టుకుని కట్టారో చూడండి. సెకనుకి ఎన్ని ఆర్డర్లు పంపొచ్చో పేజీలకి పేజీలు రాస్తారు. పోయిన నెల మీ లెడ్జరులో ఎందుకు డబ్బు కోసుకున్నారో తెలుసుకునే దారి మాత్రం చాలాచోట్ల ఉండదు. కైట్ కనెక్ట్‌లో ఆర్డర్ల పుస్తకం ఆ రోజు వరకే. రేపు అడిగితే నిన్నటిది రాదు. ధన్, అప్‌స్టాక్స్ లాంటివాళ్ళు పాత ట్రేడ్ల వివరాలకి దారి ఇచ్చారు, కానీ ఒకరి పద్ధతికీ ఇంకొకరి పద్ధతికీ పొంతన లేదు. బ్రోకరు మారితే కోడంతా మళ్ళీ రాసుకోవాల్సిందే. అంటే ఏమిటి? జూదానికైతే ఎక్స్‌ప్రెస్ హైవే, లెక్క చూసుకోడానికైతే కాలిబాట.

జూదం అన్నానని కోపం తెచ్చుకోకండి. 2024 సెప్టెంబరులో సెబీ బయటపెట్టిన అధ్యయనం ప్రకారం, 2021-22 నుంచి 2023-24 దాకా మూడేళ్ళలో ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో దిగిన కోటిమందికి పైగా మామూలు జనంలో 93 శాతం మంది నష్టపోయారు. మొత్తం నష్టం 1.8 లక్షల కోట్ల పైమాటే. తలకి సగటున దాదాపు 2 లక్షలు. ఆ మెషిన్‌ని ఇంకా వేగంగా తిప్పడానికి మనకి ప్యాకేజీలు కావాలి గానీ, ఆ మెషిన్‌లో మన డబ్బు సక్రమంగా ఉందో లేదో చూసుకోడానికి అక్కర్లేదట!

"యాప్‌లో కనిపిస్తుంది కదా, ఇంక ప్రోగ్రాము ఎందుకు?" అంటారా? అయితే కార్వీ గురించి మాట్లాడుకోవాలి.

1980లలో హైదరాబాదులో మొదలైన కంపెనీ అది. చిన్న చిన్న ఊళ్ళలో కూడా ఆ బోర్డు చూసి మనవాళ్ళు ఖాతాలు తెరిచారు. 2019 నవంబరు 22న సెబీ ఉత్తర్వు ఇచ్చేదాకా, ఖాతాదారుల షేర్లు కార్వీ తన సొంత డీమ్యాట్ ఖాతాలోకి మార్చుకుని, వాటిని తాకట్టు పెట్టి అప్పులు తెచ్చుకుందని బయటి జనానికి తెలీదు. 95 వేలమందికి పైగా ఖాతాదారుల షేర్లు, 2300 కోట్ల పైచిలుకు విలువ. ఆ డిసెంబరు 2న దాదాపు 83 వేలమందికి ఎన్ఎస్‌డీఎల్ షేర్లు తిరిగి జమచేసింది. మిగతావాళ్ళు ఎదురుచూశారు. 2020 నవంబరులో ఎన్ఎస్ఈ కార్వీని సభ్యత్వం నుంచి తీసేసింది. 2021 ఆగస్టులో చైర్మన్‌ని హైదరాబాదు పోలీసులు అరెస్టు చేశారు. 2023 ఏప్రిల్లో సెబీ కంపెనీనీ చైర్మన్‌నీ ఏడేళ్ళపాటు మార్కెట్‌కి దూరంగా ఉండమంది.

ఇక్కడ గమనించాల్సిందేమిటంటే, షేరు నిజంగా ఎక్కడుందో చెప్పగలిగేది డిపాజిటరీ. 1996లో మొదలైన ఎన్ఎస్‌డీఎల్, 1999లో మొదలైన సీడీఎస్ఎల్, ఈ రెండే అసలు చిట్టా. బ్రోకరు స్క్రీను మీద చూపించేది బ్రోకరు తన పుస్తకంలో రాసుకున్నది. ఆ రెండూ ఎప్పుడూ ఒకటే అయ్యుండాలి. అవి ఒకటి కాకుండా పోయిన రోజు ఆ సంగతి చూసే కన్ను ఉండాలి.

"డిపాజిటరీ సైట్లో లాగిన్ అయి చూసుకోవచ్చు, ఎవరు కాదన్నారు?" నిజమే. అప్పుడూ చూసుకోవచ్చు, ఇప్పుడూ చూసుకోవచ్చు. కానీ ఏ మనిషి రోజూ పొద్దున లేచి ఆ సైట్లో లాగిన్ అయి, బ్రోకరు యాప్ పక్కన పెట్టుకుని, కంపెనీ కంపెనీకీ పోల్చి చూస్తాడు? రెండ్రోజులు చూస్తాడు, మూడో రోజు మానేస్తాడు. క్రాన్ జాబ్ మాత్రం మానెయ్యదు. పొద్దున ఏడింటికి రెండు జాబితాలు తెచ్చుకుని, తేడా ఉంటే ఒక మెసేజి పంపి ఊరుకుంటుంది. ఇరవై లైన్ల ప్రోగ్రాము. ప్యాకేజీలు ఉండి ఉంటే కార్వీ జరిగేది కాదని నేనెలా అనగలను? కానీ ఆ 95 వేలమందిలో ఒక ఐదొందలమంది ఇంజినీర్ల దగ్గరైనా ఇలాంటిది రోజూ నడుస్తూ ఉంటే, దొంగ లెక్క అంత పెద్దదయ్యే వరకూ దాగేది కాదని మాత్రం గట్టిగా అనగలను.

మాది మంగంపేట. కోడూరు దగ్గర, ఓబులవారిపల్లె మండలం. ముగ్గురాయి గనులకి పేరు. నీటికంటే నాలుగు రెట్లకి పైగా బరువుండే రాయి, చమురు బావులు తవ్వేటప్పుడు వాడే బురదలో కలపడానికి దేశదేశాలకీ పోతుంది. మా ఊరి లారీవాణ్ణెవరినైనా అడగండి, కాటా అంటే ఏమిటో చెప్తాడు. ఖాళీ లారీ బరువు ఒకసారి, లోడు లారీ బరువు ఒకసారి. ఎక్కించినచోట ఒక చీటీ, దించినచోట ఒక చీటీ. రెండు చీటీలూ కలవకపోతే ఏందబ్బా అని అక్కడే నిలదీస్తారు. రెండో కాటా మీద తూచితే మొదటి కాటావాడు అవమానంగా అనుకోడు, అది వ్యాపారంలో మామూలే. రాళ్ళకున్న ఈ మర్యాద నా షేర్లకి ఎందుకు లేదనేదే నా ప్రశ్న.

చీటీ ఎవరి చేతుల మీదుగా వచ్చిందన్నది కూడా ముఖ్యమే. మన ఐటీ వాళ్ళకి సత్యం గుర్తు చెయ్యక్కర్లేదు. 2009 జనవరి 7న రాజు గారి ఉత్తరంలో బయటపడ్డ లేని నగదు 5040 కోట్లు. ఆడిటర్లకి బ్యాంకు నుంచి నేరుగా రావాల్సిన ధ్రువీకరణ కంపెనీ చేతుల మీదుగా వస్తే సరేననుకున్నారని 2011లో అమెరికా ఎస్ఈసీ తప్పుపట్టింది. ఎవరి లెక్క సరిచూడాలో వాళ్ళ దగ్గరే సాక్ష్యం తీసుకుంటే ఏమవుతుందో మన ఊళ్ళోనే చూశాం. బ్రోకరు ఏపీఐతో బ్రోకరు లెక్క సరిచూసుకోవడం కూడా అలాంటిదే.

మరి డిపాజిటరీ నుంచి నాకొచ్చేదేమిటి? పీడీఎఫ్! లావాదేవీ జరిగిన నెల అయితే నెలకోసారి, లేకపోతే ఆర్నెల్లకోసారి, పాన్ నంబరు పాస్‌వర్డుగా ఒక స్టేట్‌మెంటు. వాళ్ళ దగ్గర చక్కగా వరసలు వరసలుగా ఉన్న డేటాని పీడీఎఫ్ చేసి పంపిస్తారు. దాన్ని మనం మళ్ళీ వరసలు చేసుకోవాలి. సంగటి ముద్ద చేసి చేతిలో పెట్టి, ఇప్పుడు రాగులు ఏరుకో నాయనా అన్నట్టుంది. ఈ తలనొప్పి పడలేకే ఎవరో పుణ్యాత్ములు క్యాస్‌పార్సర్ అనే పైథాన్ ప్యాకేజీ రాసి అందరికీ ఉచితంగా ఇచ్చారు. ఆ ప్యాకేజీ ఉండటం రాసినవాళ్ళ గొప్పతనం. దాని అవసరం రావడం మాత్రం వ్యవస్థ సిగ్గుపడాల్సిన విషయం.

ఇంక అభ్యంతరాల సంగతి చూద్దాం. నా చెవిన పడినవి ఇవి.

మొదటిది, "భద్రత". ఏపీఐ తెరిస్తే దొంగలు పడతారు, అందుకే కట్టుదిట్టం చేస్తున్నారు అంటారు. ఆర్డర్ల విషయంలో కట్టుదిట్టం చెయ్యాల్సిందే. 2025 ఫిబ్రవరి 4న సెబీ ఇచ్చిన సర్క్యులర్‌ని నేను సమర్థిస్తాను. ఏపీఐ ఆర్డర్లకి స్టాటిక్ ఐపీ ఉండాలి, రెండంచెల లాగిన్ ఉండాలి, సెషన్లన్నీ రోజూ లాగౌట్ అయిపోవాలి, ఒక హద్దు దాటి ఆర్డర్లు పంపే ఆల్గోలు నమోదు కావాలి. గడువులు జరుగుతూ జరుగుతూ 2026 ఏప్రిల్ 1 దాకా వచ్చాయి, అది వేరే సంగతి. కానీ చూడ్డానికీ అమ్మడానికీ ఒకటే టోకెను పెట్టి, ఆ టోకెను రోజూ పొద్దున చచ్చిపోయేలా చేస్తే జనం ఏం చేస్తున్నారో తెలుసా? రోజూ చేత్తో లాగిన్ అయ్యే ఓపిక లేక, పాస్‌వర్డు, టీఓటీపీ సీక్రెట్ రెండూ ఒకే ఫైల్లో రాసి, సెలీనియంతో బ్రౌజరుని నడిపించి లాగిన్ చేయిస్తున్నారు. రెండంచెల తాళం అని పేరు, రెండు తాళంచెవులూ ఒకే గుమ్మం కింద. ఆ ఫైలు పొరపాటున గిట్‌హబ్‌కి పోయిందంటే స్టాటిక్ ఐపీ ఏం కాపాడుతుంది? దొంగ ఏపీఐ దాకా ఎందుకొస్తాడు, మీ పాస్‌వర్డుతో దర్జాగా వెబ్‌సైట్లోనే లాగిన్ అవుతాడు. చూడ్డానికి మాత్రమే పనికొచ్చి, ఏడాదిపాటు బతికి, నాకిష్టం వచ్చినప్పుడు రద్దు చేసుకోగలిగే టోకెను ఉంటే ఈ పిచ్చిపనుల్లో సగం అవసరమే ఉండదు. పోతే నా జాబితా బయటికి పోతుంది, షేర్లు పోవు.

సాధ్యం కాదని కూడా అనలేరు. అప్‌స్టాక్స్ ఎక్స్‌టెండెడ్ టోకెన్ అని సరిగ్గా ఇలాంటిదే పెట్టింది. చూడ్డానికే పనికొస్తుంది, ఏడాది చెల్లుతుంది. అయితే దాన్ని పెట్టింది చాలామంది ఖాతాల్ని చూపించే యాప్‌ల కోసం. పదిమంది ఖాతాలు చూసే కంపెనీకి ఇవ్వగలిగినదాన్ని, తన ఒక్క ఖాతా చూసుకునే మనిషికి అందరూ ఇవ్వాలని ఒక నియమం రాయడానికి అడ్డేమిటి?

రెండోది, "అకౌంట్ అగ్రిగేటర్ ఉందిగా". ఉంది. 2016లో ఆర్‌బీఐ నియమాలు రాసింది, 2021 సెప్టెంబరు 2న ఎనిమిది బ్యాంకులతో మొదలైంది, 2022 ఆగస్టులో సెబీ డిపాజిటరీల్నీ మ్యూచువల్ ఫండ్లనీ కూడా అందులోకి రమ్మంది. సాంకేతికంగా చాలా అందమైన వ్యవస్థ. సమ్మతి నాది, డేటా ఎన్‌క్రిప్ట్ అయి పోతుంది, మధ్యలో ఉన్నవాడు కూడా చదవలేడు. కానీ డేటా ఎవరికి పోవచ్చు? ఏదో ఒక ఆర్థిక నియంత్రణ సంస్థ కింద ఉన్న కంపెనీకి మాత్రమే. అంటే నాకు అప్పు ఇద్దామనుకునేవాడి సర్వరుకి నా డేటా మెషిన్ చదివే రూపంలో పోతుంది. నా లాప్‌టాప్‌కి మాత్రం పోదు. నా సమ్మతితో నా డేటా నాకు తప్ప అందరికీ! దీన్ని కనిపెట్టినవాళ్ళకి ఇందులో ఉన్న హాస్యం కనిపించలేదంటారా?

మూడోది, "చట్టం వచ్చిందిగా". 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం నాకు ఇచ్చే హక్కు, నా డేటా తాలూకు సారాంశం అడిగి తీసుకోవడం. సారాంశం! 2018 శ్రీకృష్ణ కమిటీ ముసాయిదాలోనూ, 2019 బిల్లులోనూ డేటాని మెషిన్ చదివే రూపంలో తీసుకుని వేరేచోటికి పట్టుకెళ్ళే హక్కు రాశారు. 2023 చట్టం బయటికొచ్చేసరికి అది మాయమైంది. దానికోసం మనలో ఎంతమంది గొంతెత్తాం?

నాలుగోది, "అమెరికాలో చూడు, అంతా ఎంత బాగుందో". అక్కడా అంత ఒలికిపోవట్లేదు. టీడీ అమెరిట్రేడ్ ఏపీఐ మీద డాలస్ నుంచి న్యూజెర్సీ దాకా చాలామంది సొంత పనిముట్లు కట్టుకున్నారు. 2020లో ష్వాబ్ ఆ కంపెనీని కొనేసింది, 2024 మేలో ఆ ఏపీఐ మూతపడింది. దాని మీద రాసిన పైథాన్ ప్యాకేజీ కూడా దాంతోపాటే పోయింది. కొత్త ఏపీఐలో ఏడు రోజులకోసారి మళ్ళీ లాగిన్ అవ్వాలి. కంపెనీ దయమీద వచ్చిన తలుపు కంపెనీ దయతోనే మూసుకుపోతుంది. అందుకే నేను బ్రోకర్ని బతిమాలట్లేదు, నియమం అడుగుతున్నాను.

ఐదోది, అన్నిటికంటే నాకు ఒళ్ళు మండేది: "ఇదంతా ఎంతమందికి కావాలి? వందలో ఒకడికి". ఆర్టీఐ దరఖాస్తు కూడా వందలో ఒకడే పెడతాడు. ఆ ఒకడు పెడతాడన్న భయంతో మిగతా తొంభైతొమ్మిది మంది పనులు అవుతాయి. సరిచూసేవాడు ఒకడున్నాడని తెలిస్తే లెక్క రాసేవాడు ఒళ్ళు దగ్గర పెట్టుకుని రాస్తాడు. కోడూరులో అరటి తోట అమ్మగా వచ్చిన డబ్బులో కొంత షేర్లలో పెట్టిన పెద్దాయనకి పైథాన్ రాదు. రానక్కర్లేదు కూడా. బెంగుళూరులో ఉన్న ఆయన కొడుక్కి వస్తే చాలు, తాళం లాంటిదేదీ చేతులు మారకుండా, నాన్న ఖాతా ఎలా ఉందో రోజూ చూసి పెడతాడు. ఇప్పుడైతే ఏం జరుగుతోంది? నాన్న పాస్‌వర్డు కొడుకు వాట్సాప్‌లో ఉంటోంది.

నా అనుభవం ఒకటి చెప్పి ముగింపుకొస్తా. నా ఖాతా ఉన్న ఒక బ్రోకరు దగ్గర, షేర్లు అమ్మినప్పుడు వేసే డిపాజిటరీ ఛార్జీ ఒక అమ్మకానికి రెండుసార్లు కోసుకున్నారు. ఇరవై రూపాయలు కూడా కాదు. లెడ్జరు ఎక్సెల్లో దించుకుని నా ట్రేడ్లతో కలిపి చూసే చిన్న స్క్రిప్టు రాసుకోబట్టి కనిపించింది. అడిగితే "లెడ్జరు పీడీఎఫ్ చూడగలరు" అని జవాబు. పీడీఎఫ్‌లోనే రెండుసార్లు ఉంది స్వామీ అంటే, నాలుగు మెయిళ్ళ తర్వాత వెనక్కి వేశారు. నాకు ఆ చిల్లర ముఖ్యం కాదు. ఎక్సెల్ కూడా చేత్తో దించుకోవాల్సి వచ్చే చోట, ఇలాంటివి ఎన్ని లక్షల ఖాతాల్లో ఎవరూ చూడకుండా పోతున్నాయో అన్నది ముఖ్యం.

కాబట్టి అడుగుతున్నది నాలుగే విషయాలు. ఒకటి, ఏపీఐ ఇచ్చే ప్రతి బ్రోకరూ చూడ్డానికి మాత్రమే పనికొచ్చే టోకెను విడిగా, ఉచితంగా ఇవ్వాలి. రెండు, హోల్డింగులు, ట్రేడ్లు, లెడ్జరు, ఛార్జీలు అందరు బ్రోకర్ల దగ్గరా ఒకే నమూనాలో రావాలి. మూడు, రెండు డిపాజిటరీలూ మామూలు ఖాతాదారు ప్రోగ్రాముకి నేరుగా ఒక తలుపు తియ్యాలి. నాలుగు, అకౌంట్ అగ్రిగేటర్లో డేటా అందుకునేవాళ్ళ జాబితాలో ఆ డేటా సొంతదారుణ్ణి కూడా చేర్చాలి. ఇందులో ఏదీ చంద్రమండలం మీద ఇల్లు కట్టడం కాదు. రీడ్ ఓన్లీ రోల్ పెట్టడం ఎంత పనో మీకూ తెలుసు, నాకూ తెలుసు.

సెబీ కొత్త నియమం తెచ్చేముందు చర్చాపత్రం పెట్టి జనం అభిప్రాయాలు అడుగుతుంది. అప్పుడు రాసేది ఎవరు? బ్రోకర్లు, ఎక్స్ఛేంజీలు, వాళ్ళ లాయర్లు. మనం ఆ సమయంలో ఏ ఇండికేటరు బాగా పనిచేస్తుందో వెతుక్కుంటూ ఉంటాం. ఈసారి ఏపీఐల గురించి గానీ, డిపాజిటరీల గురించి గానీ అలాంటి పత్రం వస్తే, కనీసం ఒక పేజీ రాయండి. ఇంగ్లీషు గొప్పగా ఉండక్కర్లేదు, విషయం సూటిగా ఉంటే చాలు. ఇంకో మాట. ఈ బ్రోకరు కంపెనీల్లో, డిపాజిటరీల్లో కూర్చుని ఆ ఏపీఐలు రాస్తున్నవాళ్ళలో మనవాళ్ళు బోలెడుమంది ఉన్నారు. వచ్చే స్ప్రింట్ ప్లానింగులో "చూడ్డానికి మాత్రమే" అనే స్కోపు ఒకటి కలుపుదామని ఒక్కసారి నోరు తెరిచి చూడండి. మీ మేనేజరు ఎందుకని అడిగితే, మన సొంత డేటాబేసుకి ఎందుకు పెట్టుకున్నామో అడగండి.